ట్యాంకు ఉంది, కుళాయి ఉంది, నీళ్ళు లేవు: తాగునీటి పథకం డబ్బు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆగుతుంది

ముందు ప్రశ్న ఏమిటో కుదించి రాస్తాను. అడిగినాయన ఊరు అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు. మూడేళ్ళ కిందట కొత్త ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు, ఇంటింటికీ కుళాయి బిగించారు. రెండు నెలలు నీళ్ళు బాగానే వచ్చాయి. తర్వాత రెండు రోజులకోసారి అయ్యాయి, ఎండాకాలానికి వారానికోసారి అయ్యాయి. ఇప్పుడు మళ్ళీ ట్యాంకర్ దగ్గర బిందెల వరుస. ఆయన అడిగింది ఇది: "అసలు ప్రభుత్వం ఈ పథకాలను ఎలా ప్లాన్ చేస్తుంది? డబ్బు ఎవరిస్తారు? ఇంత ఖర్చు పెట్టాక నీళ్ళు ఎందుకు రావు? ఎవర్ని అడగాలి?"

నేను గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)గా చేరి డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు)గా రిటైర్ అయ్యాను. ఎక్కువ కాలం అనంతపురం జిల్లాలోనే చేశాను. మధ్యలో నాలుగేళ్ళు కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కొన్నాళ్ళు కడపలో ఉన్నాను. అందుకని నా జవాబులో మన సీమ వాసనే ఉంటుంది. గోదావరి జిల్లాల వాళ్ళకు కొన్ని సంగతులు వింతగా అనిపించవచ్చు.

సూటిగా చెప్తాను. కట్టడానికి డబ్బు నాలుగైదు దారుల్లో వస్తుంది. నడపడానికి వచ్చేది ఒక్క దారిలోనే, అది మీ పంచాయతీ. ఆ దారి చాలా సన్నది. మీ ఊళ్ళో నీళ్ళు ఆగడానికి కారణం ట్యాంకులో వెతకొద్దు. సోర్స్ దగ్గర, అంటే నీళ్ళు తెచ్చే బోరో కాలువో దగ్గర చూడండి, అక్కడ బాగుంటే కరెంటు బిల్లు దగ్గర చూడండి. చాలావరకు ఈ రెంటిలో ఒకటి తేలుతుందని మీ ఊరు చూడకుండానే చెప్పగలను.

ఇక వివరంగా.

రాజ్యాంగం ప్రకారం నీళ్ళు రాష్ట్రం పద్దు. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూల్లో తాగునీరు పంచాయతీల పనుల జాబితాలో చేరింది. కేంద్రం డబ్బు ఇస్తుంది, షరతులు పెడుతుంది. రాష్ట్రం ఇంజినీర్లను పెట్టి కడుతుంది. కట్టినదాన్ని పంచాయతీ చేతిలో పెట్టి పక్కకు జరుగుతుంది. ఎవరి పని ఎక్కడ ఆగి ఎవరిది మొదలవుతుందో కాగితం మీద స్పష్టంగానే ఉంటుంది. ఊళ్ళో మోటారు కాలిన రోజున మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ప్లాన్ ఎలా తయారవుతుందంటే, ఇంటింటికీ కుళాయి ఇవ్వడానికి కేంద్రం పెట్టిన జల్ జీవన్ మిషన్ కాగితాల ప్రకారం కింది నుంచి పైకి. గ్రామంలో పది పదిహేను మందితో నీరు, పారిశుధ్య కమిటీ ఉండాలి, అందులో సగం మంది ఆడవాళ్ళు. ఆ కమిటీ గ్రామ కార్యాచరణ ప్రణాళిక రాసి గ్రామసభలో ఒప్పించుకోవాలి. ఊళ్ళ ప్రణాళికలన్నీ కలిపితే జిల్లా ప్రణాళిక, జిల్లాలవి కలిపితే రాష్ట్రానిది. రాష్ట్ర స్థాయిలో ఒక మంజూరు కమిటీ కూర్చుని పథకాలకు ఊ కొడుతుంది. ఆ పైన పరిపాలనా అనుమతి జీవో, టెక్నికల్ శాంక్షన్, టెండరు, అగ్రిమెంటు, పని, ఎం-బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు.

నిజంలో ఎలా జరిగేదంటే, పైనుంచి ఒక లెక్క వచ్చేది: ఇన్ని కుళాయిలు, ఇన్ని రోజుల్లో. మేము రాత్రికి రాత్రి ఎస్టిమేట్లు రాసేవాళ్ళం. గ్రామసభ తీర్మానం తర్వాత జత అయ్యేది. అన్ని ఊళ్ళలో ఇలాగే జరిగిందని అనను. ఆత్మకూరు వైపు ఒక ఊళ్ళో డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు మా పైపుల మ్యాపు నేల మీద పరిచి, "సార్, ఈ సందులోకి మీ లైను పోదు, బండ ఉంది, మా ఇంటి పునాదికే రెండు రోజులు పట్టె" అని గీత మార్పించారు. బండ నిజంగానే ఉంది. ఆ మార్పు చేయకపోయి ఉంటే కాంట్రాక్టరు అక్కడ అరడుగు లోతులో పైపు పూడ్చి వెళ్ళేవాడు, ట్రాక్టరు ఎక్కిన మొదటి రోజే పగిలేది.

ఎస్టిమేట్‌లో మొదటి అంకె జనాభా. ఈ రోజు జనాభా తీసుకుని ముప్పై ఏళ్ళ తర్వాత ఎంతవుతుందో లెక్కేస్తాం. పైపులు ముప్పై ఏళ్ళకు, మోటార్లూ పంపులూ పదిహేనేళ్ళకు డిజైన్ చేయమని కేంద్రం మాన్యువల్ చెప్తుంది. మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు అన్నది రెండో అంకె. నేను ఉద్యోగంలో చేరినప్పుడు పల్లెకు 40 లీటర్లు, ఇప్పుడు 55. పట్టణంలో భూగర్భ డ్రైనేజీ ఉంటే 135.

డిజైన్ ఏడాదికి మీ ఊళ్ళో 4,000 మంది ఉంటారనుకుందాం. ఒక్కొక్కరికి 55 చొప్పున రోజుకు 2,20,000 లీటర్లు. దారిలో కారిపోయేదీ కలిపి రెండున్నర లక్షలు వేసుకోండి. ట్యాంకు అందులో సగం పట్టేట్టు కడితే రోజుకు రెండుసార్లు నింపుకోవచ్చు. ఇంతవరకూ ఇంజినీరింగ్ చదివిన ఏ పిల్లవాడైనా చేస్తాడు.

కష్టమంతా మూడో అంకెలో ఉంది. ఆ రెండున్నర లక్షల లీటర్లు ఏప్రిల్ నెలలో ఎక్కడినుంచి వస్తాయి?

ఒక సంగతి చెప్తాను. ఒక ఊళ్ళో బోరు వేశాం, సెప్టెంబరు నెలాఖరులో. ఆ వారమే వానలు పడ్డాయి, చెరువులోకి కొంచెం నీళ్ళు కూడా వచ్చాయి. కంప్రెసర్ పెట్టి చూస్తే నీళ్ళు తెల్లగా ఎగజిమ్మాయి. వీ-నాచ్‌లో (నీటి ధార కొలిచే వీ ఆకారపు గాడి) కొలిచాం, లెక్క బ్రహ్మాండంగా వచ్చింది. ఆ లెక్క మీద ట్యాంకు, పైపులు, కుళాయిలు అన్నీ మంజూరయ్యాయి. పక్కన పశువులకు నీళ్ళు పెడుతున్న ముసలాయన మా దగ్గరికి వచ్చి, "నాయనా, ఇప్పుడు ఏడ తవ్వినా నీళ్ళే. ఉగాదికి రాండి, అప్పుడు కొలవండి" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నా. ఉగాదికి ఆ బోరు అరగంట పోసి గంట ఆగేది. మే నెలలో పూర్తిగా ఎండింది. ట్యాంకుకు వేసిన నీలం రంగు ఇంకా కొత్తగా మెరుస్తూనే ఉంది.

ఆ తర్వాత నేను సంతకం పెట్టిన ప్రతి ఎస్టిమేట్‌లో బోరు దిగుబడి ఏ నెలలో కొలిచారో రాయించేవాణ్ణి. పైవాళ్ళు ఆ కాలమ్ ఎందుకని అడిగేవారు. అందుకే.

అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కింద గట్టి రాతి నేల. నీళ్ళు రాతి పగుళ్ళలో నిలుస్తాయి తప్ప ఇసుక పొరల్లోలా సాగవు. పక్క పొలంలో కొత్త బోరు పడితే ఇక్కడ బోరు ఎండిపోతుంది. అందుకే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టంలో ప్రభుత్వ తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదని పెట్టారు. ఆ 250 మీటర్లు టేపు పట్టుకుని కొలిచినవాళ్ళను నేను చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఇంకా లోతుకు పోతే ఫ్లోరైడు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్ళు దొరక్కపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని ప్రమాణం చెప్తుంది. మన దగ్గర చాలా ఊళ్ళలో అది దాటుతుంది. బోరులో నీళ్ళున్నా సోర్స్ పనికిరాదని రాయాల్సి వచ్చేది.

అందుకని దూరం నుంచి నదీ జలాలు తెచ్చి పదుల, వందల ఊళ్ళకు పంచే సమగ్ర పథకాలు వచ్చాయి, మేము సీపీడబ్ల్యూఎస్ అంటాం. మన మూడు పాత జిల్లాల తాగునీరు చాలావరకు తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ), కేసీ కాలువ, శ్రీశైలం వెనుక జలాల నుంచి వచ్చే హంద్రీ-నీవా, పెన్నా ఇసుక బావుల మీదే ఆధారపడి ఉంది. కర్నూలు నగరం సుంకేసుల వైపు చూస్తుంది, అనంతపురం నగరం పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు వైపు. పులివెందుల వైపు పల్లెలకు చిత్రావతి రిజర్వాయరు ఉంది.

ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటి ఉంది. ఒక టీఎంసీ అంటే దాదాపు 2,832 కోట్ల లీటర్లు. పది లక్షల మందికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదంతా ఇస్తే అయ్యేది సుమారు 2,000 కోట్ల లీటర్లు. ముక్కాలు టీఎంసీ కూడా కాదు! హెచ్చెల్సీకి, కృష్ణా నీళ్ళను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో మన రాష్ట్రం వాటా 32.5 టీఎంసీలు. తాగడానికి కావలసింది అందులో చాలా చిన్న ముక్క. "తాగడానికి కూడా నీళ్ళు లేవు" అని మీటింగుల్లో వినిపించినప్పుడు నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. నీళ్ళు ఏడాది మొత్తం మీద ఉన్నాయి. కావలసిన నెలలో, కావలసిన చోట లేవు.

ఎందుకంటే ఎగువ కాలువ ఏడాది పొడుగునా పారదు. డ్యాం నిండితే వానాకాలంలో వదులుతారు, ఆ ఏడు నిల్వను బట్టి శీతాకాలంలోనో కొంచెం తర్వాతో ఆపేస్తారు. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 132 టీఎంసీలు పట్టేదని లెక్క. పూడిక పడీ పడీ ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరికి వచ్చింది. 2024 ఆగస్టు 10న 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రి మా వాట్సాప్ గుంపులో రిటైరైన ఇంజినీర్లెవరూ నిద్రపోలేదు. రైతులు పంట గురించి లెక్కేసుకుంటుంటే మేము వచ్చే మే నెల గురించి లెక్కేసుకుంటున్నాం. స్టాప్‌లాగ్ (గేటు చోట అడ్డంగా దించే ఉక్కు పలక) దించి ఆపారు, బతికాం.

కాలువ ఆగిన తర్వాత నెట్టుకురావడానికే ఎస్ఎస్ ట్యాంకు, అంటే వేసవి నిల్వ చెరువు. దాని లెక్క కొంచెం చూపిస్తాను, ఎందుకంటే ప్లానింగ్ అంతా అక్కడే గెలుస్తుంది లేదా ఓడుతుంది. ఒక పథకం కింద 60,000 మంది. రోజుకు 33 లక్షల లీటర్లు, అంటే 3,300 ఘనపు మీటర్లు. కాలువ 120 రోజులు ఆగుతుందనుకుంటే నాలుగు లక్షల ఘనపు మీటర్లు నిల్వ కావాలి. నాలుగు మీటర్ల లోతున తవ్వితే పది హెక్టార్ల చెరువు. బాగుంది కదా? ఇప్పుడు ఎండ లెక్క వేయండి. మన ఎండకు రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైనా 120 రోజులకు దాదాపు ఒక మీటరు. నాలుగు మీటర్లలో ఒక మీటరు సూర్యుడే తాగేస్తాడు. ఇంజినీరు ఆ పావు వంతు అదనంగా వేయకపోతే, లేదా భూసేకరణకు డబ్బు చాల్లేదని పది హెక్టార్లను ఏడు చేస్తే, ఆ పథకం మార్చి నెలాఖరుకే చేతులెత్తేస్తుంది. ఎస్టిమేట్ రూపకల్పనలో మొట్టమొదట కత్తెర పడేది ఈ చెరువు మీదే. ట్యాంకు ఎత్తుగా కనిపిస్తుంది, ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టొచ్చు. చెరువుకు కట్టే చోటు లేదు.

నిండిన చెరువు కూడా మనదని అనుకోకూడదు. కాలువ ఆపే ముందు పదిహేను రోజులు మేము జీపుల్లో కాలువ గట్ల మీదే తిరిగేవాళ్ళం. ఎగువన గట్టు పొడవునా ఆయిల్ ఇంజన్లు, మోటార్లు. పోలీసును వెంటబెట్టుకుని పోతే పైపులు పైకి లేస్తాయి, మేము మలుపు తిరగ్గానే మళ్ళీ కాలువలోకి దిగుతాయి. రైతును తిట్టడానికి నాకు నోరు రాదు, వేరుశనగ ఊడల దశలో ఉంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ చెరువు దగ్గర గేజీ కర్ర మీద నీళ్ళు 2.6 దగ్గర ఆగిపోయి, కాలువలో బురద మాత్రమే మిగిలినప్పుడు, ఆ లోటు 1.4 మీటర్లు ఏ ఊరికి చెప్పాలో తెలిసేది కాదు. జిల్లా నీటి సలహా మండలి మీటింగులో తాగునీటికే మొదటి హక్కు అని తీర్మానం చేస్తారు. ఆ హక్కుకు కాపలా కాసేది మాత్రం ఇద్దరు లస్కర్లు, అంటే కాలువ కావలివాళ్ళు.

ఇప్పుడు డబ్బు.

పల్లెలకు కేంద్రం డబ్బు కొత్తగా ఏమీ రాలేదు. 1972-73లోనే త్వరితగతి గ్రామీణ నీటి సరఫరా పథకం ఉంది. 1986లో మిషన్ అయింది, 2009లో పేరు మారి జాతీయ గ్రామీణ తాగునీటి కార్యక్రమం అయింది. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించారు. అప్పటి మొత్తం అంచనా 3.60 లక్షల కోట్లు, అందులో కేంద్రం వాటా 2.08 లక్షల కోట్లు. మన లాంటి రాష్ట్రాలకు సగం కేంద్రం, సగం రాష్ట్రం. హిమాలయ, ఈశాన్య రాష్ట్రాలకైతే 90:10. ఊరి లోపల వేసే పనుల ఖర్చులో పది శాతం గ్రామం ఇవ్వాలి, డబ్బుగానో, సామానుగానో, శ్రమగానో. ఎస్సీ, ఎస్టీలు సగానికి మించి ఉన్న ఊళ్ళలో ఐదు శాతం. మొదట 2024కల్లా ప్రతి ఇంటికీ కుళాయి అన్నారు, 2025 బడ్జెట్‌లో గడువు 2028 దాకా పొడిగించారు.

సగం సగం అన్నమాట వినడానికి తేలిక. రాష్ట్రం తన సగం వేస్తేనే కేంద్రం తర్వాతి విడత కదులుతుంది. ఆర్థిక శాఖలో ఆ ఫైలు పింఛన్లు, జీతాలు, పాత అప్పుల వడ్డీలతో కలిసి వరుసలో నిలబడుతుంది. మంజూరైన పని మొదలు కాకపోవడానికి, మొదలైన పని సగంలో ఆగడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే. కాంట్రాక్టరు పైపులు దించి మూడు బిల్లులు పెట్టాడు, ఒక్కటీ రాలేదు. నాలుగో నెల జేసీబీ వెనక్కి పంపేశాడు. ఊళ్ళోవాళ్ళకు కనపడేది "కాంట్రాక్టరు పారిపోయాడు" అన్నదే. ఆయన పారిపోలేదు, పక్క జిల్లాలో బిల్లు వచ్చే పని చూసుకున్నాడు.

రాష్ట్రం తన సగం ఎక్కడ తెస్తుందంటే, బడ్జెట్ నుంచి కొంత, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు నుంచి కొంత. నాబార్డులో ఆర్ఐడీఎఫ్ అనే గ్రామీణ మౌలిక వసతుల నిధి 1995-96 నుంచి ఉంది. అది అప్పు, గ్రాంటు కాదు. చాలావరకు రాష్ట్రం ముందు ఖర్చు పెట్టి, బిల్లులు చూపి తర్వాత తెచ్చుకోవాలి. అంటే చేతిలో డబ్బు లేకపోతే అప్పు కూడా పుట్టదు. పెద్ద గ్రిడ్ల (చాలా ఊళ్ళను కలిపే పైపుల వల) లాంటివాటికి ప్రభుత్వ కార్పొరేషన్ పేరు మీద అప్పులు తెస్తారు, దాని పూచీకత్తు రాష్ట్రానిదే.

పట్టణాల దారి వేరు. అక్కడ మా శాఖ కాదు, ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖ చూస్తుంది. జనాభా లక్ష దాటిన కర్నూలు, అనంతపురం, కడప, ప్రొద్దుటూరు, ఆదోని లాంటివాటికి 2015లో అమృత్ అనే కేంద్ర పథకం వచ్చింది. 2021లో వచ్చిన అమృత్ 2.0 చిన్న మున్సిపాలిటీలను కూడా కలిపింది: లక్ష లోపు పట్టణానికి కేంద్రం వాటా సగం, లక్ష నుంచి పది లక్షల దాకా మూడో వంతు, ఆ పైన పావు. లక్ష లోపు మున్సిపాలిటీల కోసం ఆసియా మౌలిక పెట్టుబడుల బ్యాంకు నుంచి అప్పు కూడా మన రాష్ట్రం 2018లో తెచ్చుకుంది. మీది పల్లె కాబట్టి ఇక్కడ ఆపుతాను.

ఇక నా అసలు గొడవకు వస్తాను. నడిపే ఖర్చు.

మళ్ళీ మీ 4,000 మంది ఊరే తీసుకుందాం. బోరులో నీళ్ళు 120 మీటర్ల కింద ఉన్నాయి. ట్యాంకు ఎత్తూ పైపు రాపిడీ కలిపి మోటారు 150 మీటర్లు ఎత్తి పోయాలి. రోజుకు రెండున్నర లక్షల లీటర్లు ఎత్తాలంటే, మన మోటార్ల సామర్థ్యం అరవై శాతం అనుకుంటే, రోజుకు 170 యూనిట్లు. నెలకు ఐదు వేల యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు వేసుకోండి, 35 వేలు. దానికి వాటర్‌మన్ జీతం, బ్లీచింగ్, లీకులు, రెండేళ్ళకోసారి కాలే మోటారు రీవైండింగు. తక్కువలో తక్కువ నెలకు 55 వేలు.

మీ ఊళ్ళో 900 ఇళ్ళు ఉంటాయి. ఇంటికి నెలకు 60 రూపాయలు తీసుకుంటే 54 వేలు, సరిపోయినట్టే. కానీ ఎంతమంది కడతారు? నేను పనిచేసిన ఊళ్ళలో మూడో వంతు కడితే ఆ సర్పంచి గట్టివాడని అర్థం. నీళ్ళ పన్ను పెంచుదామని గ్రామసభలో అన్న సర్పంచిని ఒక్కణ్ణే చూశాను. తర్వాతి ఎన్నికల్లో ఆయన లేడు.

మరి మిగతాది? పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పల్లెలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం కట్టుబడి నిధులు, అంటే చెప్పిన పనికే ఖర్చు పెట్టాల్సినవి: సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మీ పంచాయతీకి నడిపే ఖర్చు కోసం ఆ ఐదేళ్ళూ ఉన్న గట్టి ఆసరా ఇదే. దాంట్లోనుంచే పాత కరెంటు బకాయిలు, దాంట్లోనుంచే మోటారు, దాంట్లోనుంచే కొత్త పైపు. సంవత్సరం మధ్యలో ఖాతా ఖాళీ అవుతుంది. బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకుతారు, లేదా కలెక్టరు గారు ఫోన్ చేసి పీకనివ్వరు. పీకకపోతే బకాయి పెరుగుతుంది. మీ ఊళ్ళో రెండు రోజులకోసారి నీళ్ళు అంటే, చాలాసార్లు అది వాటర్‌మన్ సోమరితనం కాదు. మోటారు ఆడే గంటలు తగ్గించమని ఆయనకు ఎవరో చెప్పి ఉంటారు.

పుట్టపర్తి సత్యసాయి బాబా ట్రస్టు కట్టిన తాగునీటి పథకం గురించి కామెంట్లలో ఒకరు అడిగారు, "ట్రస్టు చేయగలిగింది ప్రభుత్వం ఎందుకు చేయలేదు" అని. న్యాయమైన ప్రశ్న. 1995లో, బాబా డెబ్బయ్యవ పుట్టినరోజు నాటికి, అనంతపురం జిల్లాలో 731 ఊళ్ళకు నీళ్ళిచ్చే పథకాన్ని ఆ ట్రస్టు తన డబ్బుతో కట్టించింది. ఎల్ అండ్ టీ కట్టింది. మంజూరు కమిటీలు, విడతల కోసం ఎదురుచూపులు లేకపోతే పని ఎంత తొందరగా జరుగుతుందో చూడటానికి మా ఇంజినీర్లం సెలవు పెట్టుకుని పోయేవాళ్ళం. అబద్ధం ఎందుకు, అసూయ కూడా పడ్డాం. 1999లో తపాలా శాఖ ఆ పథకం మీద స్టాంపు కూడా వేసింది. కట్టాక దాన్ని ప్రభుత్వానికి అప్పగించారు. అక్కడినుంచి కథ మామూలే: కరెంటు, పాత పంపులు, పైపుల మరమ్మతులు, జీతాల బకాయిల కోసం కార్మికుల సమ్మెలు. డబ్బు ఎవరిదైనా, ఎంత మంచి మనసుతో కట్టినా, రెండో నెల నుంచి బిల్లు కట్టే చెయ్యి అదే.

మీ ప్రశ్నలో లేనిది ఒకటి చెప్పాలి. దారిలో పోయే నీళ్ళ సంగతి. ఒకసారి చివరి ఊరికి నీళ్ళు అందడం లేదని ఫిర్యాదు వస్తే పంపింగ్ మెయిన్ వెంట పద్నాలుగు కిలోమీటర్లు నడిచాను. తొమ్మిదో కిలోమీటరు దగ్గర గట్టు మీద ఎయిర్ వాల్వు (పైపులో చేరిన గాలిని వదిలేది). దాని బోల్టు వదులు చేసి, పక్కనే రాళ్ళతో చిన్న తొట్టి కట్టి ఉంది. నీళ్ళు సన్నగా కారుతున్నాయి. చుట్టూ రెండు వందల గొర్రెలు. కాపరికి నన్ను చూసి భయం వేయలేదు, "కూకో సార్, ఎండన పడొస్తివి" అని తన సీసాలో నీళ్ళిచ్చాడు. ఆ నీళ్ళూ మా పైపువే. బోల్టు బిగించి వచ్చేశాను. నెల తర్వాత మళ్ళీ పోతే బోల్టు మళ్ళీ వదులు. ఈసారి మా పై ఇంజినీరు ఈఈ గారిని ఒప్పించి ఆ చోట పశువుల తొట్టికి చిన్న లైను, ఫ్లోట్ వాల్వుతో వేయించాను. ఎస్టిమేట్‌లో ఆ పనికి హెడ్డు (ఖర్చు పద్దు) లేదు, ఇంకో పేరు మీద పెట్టాం. ఆ తర్వాత చివరి ఊరికి నీళ్ళందాయి. ఆ ఎస్టిమేట్ రాసినప్పుడు మనుషుల్ని లెక్కపెట్టాం, గొర్రెల్ని లెక్కపెట్టలేదు. మన సీమలో ఆ తప్పు చేయకూడదు.

ఊరి లోపల ఇదే పని కుళాయికి మోటారు బిగించేవాళ్ళు చేస్తారు. ట్యాంకుకు దగ్గర్లో నాలుగు ఇళ్ళు లాగితే చివరి వీధికి గాలి వస్తుంది. దానికి ఇంజినీరు అక్కర్లేదు, వాటర్‌మన్‌కు ఊరి పెద్దల అండ కావాలి.

ఎవర్ని అడగాలి అన్నారు. మొదట పంచాయతీ కార్యదర్శిని, మండలంలోని ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఏఈని. కానీ "నీళ్ళు ఎందుకు రావట్లేదు" అని అడగొద్దు, ఆ ప్రశ్నకు అందరి దగ్గరా సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది. ఈ కాగితాలు అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి: మీ పథకం ఎస్టిమేట్ రిపోర్టు, అందులో సోర్స్ ఏదని రాశారు, బోరైతే దిగుబడి ఏ నెలలో కొలిచారు, పథకాన్ని పంచాయతీకి అప్పగించినట్టు తీర్మానం ఉందా, దాని తేదీ, గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు, ఆర్థిక సంఘం కట్టుబడి నిధుల ఖర్చు వివరాలు. కరెంటు బిల్లుల్లో యూనిట్లు చూస్తే మోటారు నెలకు ఎన్ని గంటలు ఆడిందో మీరే లెక్కకట్టగలరు. వాళ్ళు ఆడించామంటారు, మీటరు అబద్ధం చెప్పదు.

సోర్సే ఎండిపోయిందని తేలితే గొడవ పంచాయతీతో పెట్టుకుని లాభం లేదు. దగ్గర్లోని సమగ్ర పథకం లైనుకు మీ ఊరిని కలపమని గ్రామసభ తీర్మానం చేయించి, ఏఈ ద్వారా పైకి పంపండి. అది రెండేళ్ళ పని, తొందరపడొద్దు. అంతవరకూ ఎండాకాలంలో రైతు బోరు అద్దెకు తీసుకోవడం, ట్యాంకర్ తోలించడం కలెక్టరు గారి వేసవి ప్రణాళికలో ఉంటుంది. ఫిబ్రవరి లోపు మీ ఊరు పేరు ఆ జాబితాలో చేర్పించుకోండి. ఏప్రిల్లో అడిగితే జాబితా అయిపోయిందంటారు.

ఇవన్నీ చేసే ముందు ఒక్క పని మీ ఇంట్లో చేయండి. ఐదుగురున్న ఇంటికి 55 చొప్పున రోజుకు 275 లీటర్లు కావాలి. నీళ్ళు గంటసేపు వదిలితే, పదిహేను లీటర్ల బిందె కుళాయి కింద సుమారు మూడుంబావు నిమిషాల్లో నిండాలి. నీళ్ళు వదిలిన రోజు ట్యాంకు పక్కన ఒక ఇంట్లో, ఊరి మధ్యలో ఒక ఇంట్లో, చివరి వీధిలో ఒక ఇంట్లో బిందె పెట్టి ఫోనులో టైము చూడండి. మూడు చోట్లా ఆలస్యంగా నిండితే ట్యాంకులోకే నీళ్ళు చాలడం లేదు. మొదటి ఇంట్లో రెండు నిమిషాలు, చివరి ఇంట్లో ఇరవై అయితే మీ గొడవ ఊరి లోపలి పైపుల్లో ఉంది. ఆ మూడు అంకెలూ ఇక్కడే కింద రాయండి, తర్వాత సంగతి అప్పుడు చూద్దాం.